పాత ట్రాక్టరు 6 వోల్టులదా, 12 వోల్టులదా? తేల్చుకుని మార్చుకోవడం ఎలా

కాలువలు కట్టేసి చేలు ఆరిన రోజుల్లో, ప్రతి ఏడూ నాకు ఒకే రకం ఫొటోలు వస్తాయి. పశువుల పాకలో ఏళ్ల తరబడి నిలబడిపోయిన ట్రాక్టరు, దాని బానెట్ మీద కోడిరెట్టలు, పక్కన కొత్తగా కొన్న బ్యాటరీ. కింద ప్రశ్న: "బాబాయ్, ఇది 6 వోల్టులా 12 వోల్టులా? ఏ వైరు ఎటు పెట్టాలి?" ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పి చెప్పి గొంతు పోతోంది. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. మన గోదావరి జిల్లాల్లో మిగిలిన పాత బళ్లలో ఎక్కువ 12 వోల్టులవే. మాసీ 35, ఇంటర్నేషనల్ బీ-275, ఫోర్డ్‌సన్ మేజర్ డీజిల్ అన్నీ 12. తొలిరోజుల ఫెర్గూసన్ టీఈ-20, 1947 నుంచి 1952 దాకా వచ్చిన అమెరికా ఫోర్డు 8ఎన్ లాంటివి 6 వోల్టులు. అవి మన వైపు అరుదు. కాబట్టి మీలో చాలామందికి అసలు చిక్కు వోల్టులతో కాదు, ఎర్తుతో. ఇంగ్లండు డిజైను పాత ట్రాక్టర్లు చాలావరకు ప్లస్ ఎర్తు, అంటే బ్యాటరీ ప్లస్ బాడీకి తగులుతుంది. ఇప్పటి ఆటో ఎలక్ట్రీషియన్ కుర్రాళ్లు పుట్టినప్పటినుంచీ మైనస్ ఎర్తే చూశారు. గొడవ అక్కడే మొదలవుతుంది.

అందుకని మీ బండికి రెండు ప్రశ్నలు వేయాలి: ఎన్ని వోల్టులు? బాడీకి ఏ కొస? రెండూ తేలకుండా కొత్త బ్యాటరీ వైరు తగిలించకండి.

దగ్గర పెట్టుకోవలసినవి

- డిజిటల్ మల్టీమీటరు. మామూలు రకం చాలు.
- 12 వోల్టుల బల్బుకి రెండు వైర్లు అతికించిన టెస్ట్ ల్యాంపు.
- అంగుళాల పానాలు. పాత మాసీ, ఫోర్డ్‌సన్‌ల నట్లకి ఎంఎం పానా పెడితే మూలలు అరిగిపోతాయి, తర్వాత ఉలితో కొట్టాల్సి వస్తుంది.
- వైరు బ్రష్, గరుకు కాగితం, వంటసోడా, వాసలైన్.
- ఇన్సులేషన్ టేపు, గుర్తులు రాసుకోవడానికి కాగితం టేపు, పెన్ను.
- వైర్లు మార్చాల్సి వస్తే కొత్త లగ్గులు (కేబుల్ కొసకి వేసి బిగించే లోహపు ముక్కలు), ఫ్యూజు హోల్డరు.

ఉంగరం, గడియారం, చేతికి కడియం ఉంటే తీసేయండి. పానా ఒక కొస బ్యాటరీ ప్లస్‌కి, ఇంకో కొస బాడీకి తగిలితే ఏమవుతుందో చాలామంది చూసే ఉంటారు. ఉంగరంతో అదే జరిగితే వేలు కాలిపోతుంది. ఛార్జింగులో ఉన్న బ్యాటరీ దగ్గర బీడీ వద్దు, దాని నుంచి వచ్చే గ్యాసు అంటుకుంటుంది.

ఇంకొకటి, ఇది అన్నిటికంటే ముఖ్యం. సెల్ఫ్ (ఇంజను స్టార్టు చేసే మోటారు) మీద స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి బండి స్టార్టు చేసే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. గేరులో ఉన్న బండి అలా స్టార్టయితే, పక్కన నిలబడ్డ మనిషి మీదకే వెనక చక్రం వస్తుంది. ఈ పని మొత్తం అయ్యేదాకా గేరు న్యూట్రల్లో ఉంచి, వెనక చక్రాలకి ముందూ వెనకా ఇటుకలు పెట్టండి.

1. విప్పకముందే ఫొటోలు

బ్యాటరీ, డైనమో (ఇంజనుతో తిరిగి బ్యాటరీని ఛార్జి చేసేది), కటౌట్ (రెగ్యులేటర్ పెట్టె), ఆంపియర్ మీటరు వెనక భాగం, సెల్ఫ్. ఒక్కోదానికి కనీసం రెండు ఫొటోలు, వైరు రంగు కనబడేలా. మట్టి కప్పేసి ఉంటే తడిగుడ్డతో తుడిచి తీయండి. రంగులు పోయిన వైర్లకి కాగితం టేపు చుట్టి "డైనమో పెద్దది", "డైనమో చిన్నది" అని రాసుకోండి. సాయంత్రం గుర్తుంటుందిలే అనుకున్నవాళ్లే రాత్రి పదింటికి నాకు ఫోన్ చేస్తారు.

2. బ్యాటరీ మాట నమ్మకండి

బ్యాటరీ మీద మూడు మూతలుంటే 6 వోల్టులు, ఆరుంటే 12. ఇది బ్యాటరీ లెక్క మాత్రమే, బండిది కాదు. చివరగా బండి వాడిన మనిషి చేతికి దొరికింది పెట్టి ఉండొచ్చు.

ఇంకో మోసం ఉంది. కొన్ని పాత డీజిల్ బళ్లకి రెండు 6 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి 12 చేసేవారు. ఒకటి ఎవరో పట్టుకుపోయి ఒకటే మిగిలితే, "అరే, ఇది 6 వోల్టుల బండి" అనిపిస్తుంది. సీటు కిందో, పక్కనో రెండో బ్యాటరీ పెట్టే ఖాళీ స్థలం, తెగిన పొట్టి కేబుల్ ఉందేమో వెతకండి.

3. బండిని అడగండి

ఈ వరసలో చూడండి, ఒకదానితో ఒకటి సరిపోవాలి:

డైనమో. ఒంటి మీద చిన్న రేకు ప్లేటు, లేదా ఒంటి మీదే కొట్టిన అంకెలు ఉంటాయి. గరుకు కాగితం పెట్టకండి, కిరసనాయిలు గుడ్డతో తుడవండి. లూకాస్ డైనమో అయితే మోడల్ నంబరు పక్కన వోల్టు రాసి ఉంటుంది. డైనమో మారిపోయి ఉండే వీలుంది కాబట్టి దీనితోనే ఆగకండి.

కటౌట్. మూత తీస్తే లోపలో, అడుగునో వోల్టు అంకె ఉంటుంది. డైనమో 12, కటౌట్ 6 అని తేలితే మధ్యలో ఎవరో వేలుపెట్టారని అర్థం.

బల్బులు. హెడ్‌లైటు బల్బు ఇత్తడి భాగం మీద 6వి లేక 12వి అని గుద్ది ఉంటుంది. పగిలిన బల్బు మీద కూడా చదవొచ్చు. డ్యాష్ బోర్డులో మీటరు వెనక ఉండే బుల్లి బల్బుని ఎవరూ మార్చరు, అందుకని నా దృష్టిలో నమ్మకమైన సాక్షి అదే.

కాయిల్ (ప్లగ్గుల నిప్పురవ్వకి కరెంటు ఇచ్చేది). పెట్రోలు, కిరసనాయిలు బళ్లకి మాత్రమే. అక్షరాలు పోతే, వైర్లు విప్పి రెండు చిన్న టెర్మినల్స్ మధ్య మీటరుతో ఓమ్‌లు చూడండి. సుమారు 3 వస్తే 12 వోల్టుల కాయిల్. 1.5 దగ్గర వస్తే 6 వోల్టులది కావచ్చు, లేదా బయట రెసిస్టరుతో నడిచే 12 వోల్టుల రకం కావచ్చు. రెసిస్టరు ఉందేమో వెతికాక నిర్ణయించుకోండి.

4. ఎర్తు ఎటు?

బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లే కేబుల్ చూసి ఇది చెప్పేయొచ్చు అనుకుంటారు. చెప్పలేరు, దాన్ని పెట్టింది కూడా మనిషే. రెండు పరీక్షలు చేయండి.

మొదటిది సులువు. ఇంజను ఆపి, హెడ్‌లైటు వేసి ఆంపియర్ మీటరు చూడండి. ముల్లు మైనస్ వైపు వాలాలి. ప్లస్ వైపు వాలిందంటే బ్యాటరీ అయినా తిరగబడి ఉంది, మీటరు వైర్లైనా తిరగబడి ఉన్నాయి.

రెండోది డైనమోతో. ఇంజను ఆపి ఉండగానే డైనమో మీద వైర్లు రెండూ విప్పండి. పెద్ద టెర్మినల్ డి, చిన్నది ఎఫ్. విప్పిన వైరు కొసలకి టేపు చుట్టండి. ఇంజను నిదానంగా తిప్పుతూ మీటరు ఎర్ర వైరు డి మీద, నల్ల వైరు బాడీ మీద పెట్టండి. ఒకటి రెండు వోల్టులు వస్తాయి, డైనమోలో మిగిలిన అయస్కాంత బలం అది. మీటరులో మైనస్ గుర్తు పడితే డైనమో ప్లస్ ఎర్తుకి అలవాటు పడి ఉంది. మైనస్ గుర్తు లేకపోతే మైనస్ ఎర్తుకి. అసలేమీ రాకపోతే డైనమోకే జబ్బు, ముందు కార్బన్ బ్రష్‌లు చూపించుకోండి.

5. అసలు మార్చాలా?

"లైట్లు దీపం బుడ్డిలా ఉన్నాయి, సెల్ఫ్ మూలుగుతోంది, 12 చేసేయాలి" అంటారు. సగం బళ్లకి కావలసింది 12 వోల్టులు కాదు, శుభ్రమైన ఎర్తు. మన నేల సంగతి తెలిసిందే కదా. సార్వా, దాళ్వా దమ్ములో కేజ్ వీల్స్ (దమ్ముకి వేసే ఇనప చక్రాలు) ఎగజిమ్మే బురద ప్రతి సందులో చేరి ఎండుతుంది. రాజోలు, నర్సాపురం, అంతర్వేది వైపు అయితే దానికి ఉప్పుగాలి తోడు.

ఎర్తు కేబుల్ బాడీకి తగిలే బోల్టు విప్పండి. లగ్గు కింద పచ్చటి చిలుము, దాని కింద ఎప్పటిదో రంగు, దాని కింద తుప్పు. లగ్గునీ, ఇనుమునీ తెల్లగా మెరిసేదాకా వైరు బ్రష్ పెట్టండి. స్టార్ వాషరు వేసి బిగించి, పైన వాసలైన్ రాయండి. గ్రీజు ముందు రాసి తర్వాత బిగించకండి. బ్యాటరీ టెర్మినల్స్ మీద తెల్ల పొడి ఉంటే కేబుళ్లు విప్పి, వంటసోడా నీళ్లు పోసి, పొంగు ఆగాక కడగండి. ఆ నీళ్లు బ్యాటరీ లోపలికి పోకుండా మూతలు బిగించి ఉండాలి.

ఇప్పుడు పరీక్ష. మీటరు ఒక కొస ఎర్తు వైపు బ్యాటరీ టెర్మినల్ మీద పెట్టండి, లగ్గు మీద కాదు. ఇంకో కొస ఇంజను మీద శుభ్రమైన బోల్టు మీద. వేరొకరు సెల్ఫ్ కొట్టాలి. 12 వోల్టుల బండిలో 0.5 దాటి చూపిస్తే ఎర్తు ఇంకా బాగుపడలేదు. 6 వోల్టుల బండిలో 0.3 దాటకూడదు.

6 వోల్టుల బళ్లకి ఇంకో రోగం: బ్యాటరీ కేబుల్ తెగితే కారుది తెచ్చి వేస్తారు. అదే పనికి 6 వోల్టుల సిస్టంలో కరెంటు రెట్టింపు పారాలి, కేబుల్ లావుగా ఉండాలి. సన్న కేబుల్ వేసి, బ్యాటరీ మంచిది కాదని అమ్మినవాణ్ణి తిట్టడం న్యాయం కాదు.

ఇదంతా అయ్యాక బండి బాగా తిరుగుతుంటే, డైనమో ఛార్జి చేస్తుంటే, అలాగే వదిలేయమనే నా సలహా. ప్లస్ ఎర్తు తప్పు కాదు, పాతది, అంతే. ఆల్టర్నేటరు (డైనమో బదులు వాడే కొత్త రకం) పెట్టాలన్నా, ఎల్ఈడీ లైట్లు, ఫోన్ ఛార్జరు, పాటల పెట్టె పెట్టాలన్నా అప్పుడు మైనస్ ఎర్తు కావాలి. ఇనప ఒళ్లున్న ఎల్ఈడీ లైటు ప్లస్ ఎర్తు బండి మీద వెలగదు, ఒక్కోసారి ఫ్యూజు కొట్టేస్తుంది.

6. 12 వోల్టులు ఉంచి, ప్లస్ ఎర్తుని మైనస్ చేయడం

ఇది ఒక పూట పని.

క) ఎర్తు కేబుల్ ముందు విప్పండి, రెండోది తర్వాత. బిగించేటప్పుడు ఎర్తు ఆఖరున. ఈ వరస ఎప్పుడూ మారదు.

ఖ) బ్యాటరీని తిప్పి పెట్టండి. ప్లస్ టెర్మినల్ మైనస్ కంటే కాస్త లావు. అందుకని పాత లగ్గుల్లో ఒకటి పట్టదు, ఒకటి వదులవుతుంది. సుత్తితో కొట్టి దించకండి, లోపల ప్లేటు విరుగుతుంది. వదులైన దానిలో రేకు ముక్క దోపకండి. కొత్త లగ్గులు వేయించండి.

గ) ఆంపియర్ మీటరు వెనక వైర్లు రెండూ ఇటుది అటు, అటుది ఇటు మార్చండి.

ఘ) పెట్రోలు బండి అయితే కాయిల్ మీద చిన్న వైర్లు రెండూ అటూ ఇటూ మార్చండి. మైనస్ ఎర్తు బండిలో డిస్ట్రిబ్యూటరుకి వెళ్లే వైరు కాయిల్ మైనస్ మీద ఉండాలి. డీజిల్ బండిలో హీటర్ ప్లగ్గులు ఉంటే వాటిని ముట్టుకోనక్కర్లేదు, వాటికి ప్లస్, మైనస్ పట్టింపు లేదు.

ఙ) సెల్ఫ్ మోటారు జోలికి వెళ్లకండి. "ఎర్తు మారిస్తే సెల్ఫ్ వెనక్కి తిరుగుతుంది కదా?" అని ప్రతివారూ అడుగుతారు. పాత సెల్ఫ్‌ల లోపల తీగ చుట్టిన ఫీల్డు ఉంటుంది, ఎటు ఇచ్చినా తిరిగేది ఒకే వైపు. లోపల శాశ్వత అయస్కాంతాలున్న కొత్త రకం సెల్ఫ్ ఎవరైనా పెట్టి ఉంటే మాత్రం తేడా వస్తుంది.

చ) డైనమోకి కొత్త దిక్కు నేర్పాలి. ఎక్కువమంది మర్చిపోయేది ఇదే. ఇంజను ఆపి ఉండాలి. బ్యాటరీ కొత్త పద్ధతిలో తగిలించాక, డైనమో మీద ఎఫ్ వైరు విప్పండి. బ్యాటరీ ప్లస్ నుంచి ఒక వైరు తెచ్చి ఎఫ్ టెర్మినల్‌కి చటుక్కున తగిలించి తీసేయండి, మూడు నాలుగు సార్లు, ప్రతిసారీ సెకను కంటే తక్కువ. చిన్న నిప్పురవ్వ రావాలి. తర్వాత ఎఫ్ వైరు మళ్లీ బిగించండి. ఇది చేయకుండా ఇంజను తిప్పితే డైనమో ఎదురు దిక్కులో కరెంటు పుట్టిస్తుంది, కటౌట్ పాయింట్లు టకటకలాడి అతుక్కుపోతాయి. ఇది లూకాస్ రకానికి చెప్పిన పద్ధతి. ఫోర్డు 8ఎన్ లాంటి అమెరికా బళ్లలో వైరింగు వేరు, అక్కడ ఎఫ్‌కి వైరు తగిలించకండి. రెగ్యులేటరు మీద బ్యాటరీ టెర్మినల్‌నీ, ఆర్మేచరు టెర్మినల్‌నీ వైరుతో ఒక్క క్షణం కలిపి తీయాలి.

ఛ) బ్యాటరీ పక్కన తెల్ల రంగుతో "మైనస్ ఎర్తు" అని పెద్దగా రాయండి. ఎందుకంటే, నేను మా బీ-275కి ఆల్టర్నేటరు పెట్టాను గాని ఈ రాత రాయలేదు. రెండేళ్ల తర్వాత బ్యాటరీ పోతే ఒక షాపుకి తోలాను. అక్కడి పెద్ద మేస్త్రి "పాత ఇంటర్నేషనల్ కదండీ, నాకు తెలుసు" అని ప్లస్ తీసుకెళ్లి బాడీకి ఇచ్చాడు. టప్‌మని చప్పుడు, కాలిన వార్నిష్ వాసన. ఆల్టర్నేటరులో డయోడ్లన్నీ ఒక్క సెకనులో పోయాయి. ఆయన్ని ఏమనగలను? ఆ బండి మొదట్లో నిజంగానే ప్లస్ ఎర్తు.

7. 6 నుంచి 12 చేయడం

దీనికి ఖర్చు ఎక్కువ, మార్చాల్సినవీ ఎక్కువ. మార్చాల్సినవి: బ్యాటరీ, బల్బులన్నీ, హారను, కాయిల్, డైనమో, కటౌట్, సెల్ఫ్ సొలినాయిడ్ (సెల్ఫ్‌కి కరెంటు కలిపే స్విచ్). ఉంచుకోగలిగినవి: వైరింగు (పీచు గుడ్డ చుట్టిన వైర్లు పెళుసెక్కకుండా ఉంటే), స్విచ్చులు, సెల్ఫ్ మోటారు.

సెల్ఫ్ మోటారు 6 వోల్టులదే 12 మీద పనిచేస్తుంది, రెట్టించిన ఊపుతో తిరుగుతుంది. కానీ పళ్లచక్రం ఫ్లైవీల్‌ని గట్టిగా గుద్దుకుంటుంది. ఐదు సెకన్లకి మించి కొట్టకండి, అంటుకోకపోతే కాసేపు చల్లారనివ్వండి. ఇంజను ఇంకా తిరుగుతుండగా మళ్లీ కొడితే పళ్లు రాలతాయి.

కాయిల్ మార్చకుండా 12 ఇస్తే బండి నడుస్తుంది, అందుకే చాలామంది వదిలేస్తారు. కొన్ని రోజులకి కాయిల్ చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది, డిస్ట్రిబ్యూటరు పాయింట్లు నల్లబడతాయి. సుమారు 3 ఓమ్‌ల 12 వోల్టుల కాయిల్ వేసేయండి, రెసిస్టర్ల లెక్కలు వద్దు.

డీజిల్ గేజీ, వేడి గేజీ కరెంటువైతే వాటికి 6 వోల్టులు తగ్గించి ఇచ్చే చిన్న రెడ్యూసరు పెట్టాలి. మీ ఇంజను వేడి గేజీకి సన్నటి రాగి గొట్టం ఉంటే అది కరెంటుది కాదు, వదిలేయండి.

8. ఆల్టర్నేటరు పెడితే

డైనమో తీసి ట్రాక్టరు రకం 12 వోల్టుల ఆల్టర్నేటరు, సుమారు 35 ఆంపియర్లది, లోపలే రెగ్యులేటరు ఉన్నది పెట్టండి. పాత కటౌట్ వైరింగులోంచి పూర్తిగా తప్పించాలి. అందానికి పెట్టె ఉంచుకోవచ్చు, వైర్లు మాత్రం వద్దు.

బెల్టు ఒకే గీతలో ఉందో లేదో ఎదురుగా వంగి చూడండి. వంకరగా ఉంటే నెల తిరక్కుండా పీచులు లేస్తుంది. బొటనవేలితో నొక్కితే అర అంగుళం లోపలికి పోవాలి.

లావు టెర్మినల్ నుంచి బ్యాటరీకి 6 స్క్వేర్ ఎంఎం వైరు, మధ్యలో ఫ్యూజు. పాత ఆంపియర్ మీటరు 20 లేదా 30 దాకానే చూపించే రకమైతే ఈ కరెంటు దాని గుండా పోనివ్వకండి, వోల్టు మీటరు పెట్టుకోండి. చిన్న టెర్మినల్‌కి స్విచ్ నుంచి 2, 3 వాట్ల మామూలు బల్బు గుండా వైరు ఇవ్వాలి. అది హెచ్చరిక లైటే కాదు, ఆల్టర్నేటరుని లేపేది కూడా అదే. ఆ స్థానంలో ఎల్ఈడీ పెడితే చాలాసార్లు ఛార్జి మొదలవదు. ఎంత తిప్పినా ఛార్జి రావడం లేదని వచ్చే ఫోన్లలో ఎక్కువ ఈ బల్బు కథే.

ట్రక్కుకి (ట్రెయిలరుకి) గాని, దమ్ము చక్రాలకి గాని వెల్డింగు పెట్టేటప్పుడు, అది బండికి తగిలించి ఉంటే బ్యాటరీ కేబుళ్లు, ఆల్టర్నేటరు వైర్లు విప్పేయండి.

9. సరిగ్గా కుదిరిందా?

బ్యాటరీ రాత్రంతా ఊరకే ఉన్నాక, పొద్దున 12.6 దగ్గర ఉండాలి (6 వోల్టులదైతే 6.3).

అన్ని స్విచ్చులూ ఆపి, ఎర్తు కేబుల్ విప్పి, టెర్మినల్‌కీ కేబుల్‌కీ మధ్య టెస్ట్ ల్యాంపు పెట్టండి. వెలగకూడదు. వెలిగితే ఎక్కడో వైరు ఒరుసుకుని బాడీకి తగులుతోంది. ఎక్కువగా హెడ్‌లైటు బౌలు దగ్గర, లేకపోతే సీటు కింద.

సెల్ఫ్ కొడుతున్నప్పుడు 12 వోల్టుల బ్యాటరీ దగ్గర 9.6 కంటే దిగకూడదు.

ఇంజను మధ్య స్పీడులో పెట్టి చూస్తే, నిండిన 12 వోల్టుల బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 దాకా రావాలి. 15 దాటితే ఆపేయండి, నీళ్లు ఉడికిపోతాయి. డైనమో బండి ఐడిల్‌లో ముల్లు కాస్త మైనస్ చూపిస్తే టెన్షన్ పడకండి, రేసు పెంచగానే ప్లస్‌కి రావాలి.

చివరగా లైట్లన్నీ వేసి పావుగంట నడిపి, ఆపి, ప్రతి లగ్గునీ వేలితో తాకండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. కాలుతున్న జాయింటు ఏదైనా ఉంటే అక్కడ మళ్లీ బ్రష్ పెట్టాలి. మొదటి దమ్ము రోజు సాయంత్రం, కేజ్ వీల్స్ కడిగేటప్పుడే బ్యాటరీ లగ్గులు, ఎర్తు బోల్టు ఇంకోసారి బిగించండి. ఆ కుదుపుకి కొత్త బోల్టు ఒకటి రెండు చుట్లయినా వదులవుతుంది.